ఫోర్కులో చప్పుడు

ఆ చప్పుడు మొదట బన్ను చెవిన పడింది. ఆదివారం పొద్దున ఊరి బయటి రోడ్డు మీద ఇద్దరూ సైకిళ్ళు తొక్కుతున్నారు. ముందు బావ, వెనక బన్ను. చిన్న ఎత్తు ఎక్కడానికి బావ సీటు మీంచి లేచి హ్యాండిల్ మీద బరువు వేసినప్పుడు, ఎండుపుల్ల విరగబోయి ఆగినట్టు టిక్కుమంది. ఎడమవైపు ఒరిగినప్పుడు ఇంకోసారి. కూర్చుంటే లేదు. లేస్తే ఉంది.

“బావా, నీ బండి ఏదో అంటోంది.”

“నీ తొక్కుడు చూసి నవ్వుకుంటోందిరా. పద, పద.”

మామూలు రోజైతే బన్ను కూడా దానికి దీటుగా ఏదో ఒకటి అంటించేవాడే. ఆ రోజు అతని చూపు బావ ముందు చక్రం మీదే ఉంది. ఆ వారం మొదట్లో పార్కింగు దగ్గర జరిగింది అతనికి గుర్తుంది. బావకూ గుర్తుంది. అందుకే కాబోలు, ఆ ఎత్తు దాటేదాకా బావ మళ్ళీ సీటు మీంచి లేవలేదు.

బన్ను అన్నది అతని అసలు పేరు కాదు. రొట్టెల ఫ్యాక్టరీలో వ్యాను నడుపుతాడు గనక ఆ పేరు అంటుకుంది. షాపు షాపుకూ తిరిగి రొట్టెలు దింపడం, పాతవి వెనక్కి తీసుకోవడం అతని పని. ఒంటి మీద ఎప్పుడూ వేడి పిండి వాసన ఉంటుంది. అతని అక్క ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తుంది. ఆమె భర్తే ఈ బావ. ఆయనకు కళ్ళజోళ్ళ షాపు ఉంది. అద్దాలు తనే అరగదీసి ఫ్రేముల్లో కూర్చోబెడతాడు. వెంట్రుకవాసి తేడా వచ్చినా పక్కన పడేసి మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టే రకం.

డాక్టరు ఒళ్ళు తగ్గించమంటే ఆయన చవకలో ఒక రోడ్డు సైకిల్ కొన్నాడు. ఒళ్ళు తగ్గింది. ఆ తర్వాత సైకిల్‌ని తగ్గించడం మొదలుపెట్టాడు. ఒక్కొక్క భాగమే విప్పి, వంటింటి తూకం మీద పెట్టి, పెదవి విరిచి, దానికంటే తేలికైనదీ ఖరీదైనదీ తెప్పించేవాడు. సీటు మారింది, చక్రాలు మారాయి, గేర్లు మారాయి. ఆదివారాలు కలిసి తొక్కే జట్టులో అందరూ ఆయన్ని తూకం మాస్టారు అనేవాళ్ళు. విప్పిన పాత సామానంతా బన్ను సైకిల్‌కి చేరేది.

“మీ బావ చొక్కాలు తొడుక్కునే పెద్దవాడివయ్యావు. ఇప్పుడు నీ సైకిల్‌కి కూడా అదే రాత,” అని అక్క నవ్వేది.

ఆ పాత సామాను చావనంటే చావనంది. బావ తెప్పించిన తేలికపాటి వెనక పళ్ళచక్రం ఏడాది తిరక్కుండానే అరిగిపోయి, చెయిన్ జారడం మొదలైంది. ఆయన విప్పి ఇచ్చిన బరువైన ఇనప పళ్ళచక్రం బన్ను సైకిల్ మీద నల్లగా నూనె మరకలతో తన మానాన తాను తిరుగుతూనే ఉంది. అలాగని ఖరీదైనవన్నీ దండగ అనడానికీ లేదు. బ్రేకు రబ్బర్లూ టైర్లూ మాత్రం బావ పట్టుబట్టి బన్నుకు కూడా మేలైనవి వేయించాడు. “ఆగాల్సిన చోట పిసినారితనం చేస్తే మీ అక్కకు నేనేం చెప్పుకోవాలి?” అన్నాడు. వాన కురిసిన ఒక పొద్దున, ముందు వెళ్తున్న లారీ ఉన్నట్టుండి ఆగినప్పుడు ఆ రబ్బర్లే బన్నును కాపాడాయి.

ఇంక మార్చకుండా మిగిలింది ముందు ఫోర్కు. ముందు చక్రాన్ని రెండు వైపులా పట్టుకుని పైన హ్యాండిల్‌లోకి వెళ్ళే రెండు కాళ్ళ కడ్డీ అది. పాతది ఇనుముతో చేసింది, బరువు. దాన్ని బన్నుకు ఇచ్చేసి బావ కార్బన్ పోగులతో చేసినది తెప్పించాడు. నల్లగా, నున్నగా, పట్టుకుంటే చేతిలో ఏమీ లేనట్టుంది. వచ్చిన రోజున దాన్ని తూకం మీద పెట్టి, అంకె చూసి, బావ కళ్ళు మూసుకుని తెరిచాడు. ఎంతకు కొన్నాడో అక్కకు చెప్పలేదు.

అది బిగించి ఇంకా నెల కాలేదు. ఒక సాయంత్రం సైకిల్ షాపు నుంచి బావా బన్నూ కారులో ఇంటికి వస్తున్నారు. కారు పైకప్పు మీద బావ సైకిల్ ఉంది. ముందు చక్రం తీసేసి, ఫోర్కు కాళ్ళ కొసలను పైన ఉండే బిగింపులో బిగించి, నిలబెట్టి తెస్తున్నారు. బన్ను ఎవరో షాపతన్ని అనుకరిస్తూ చెబుతున్నాడు, బావ నవ్వుతున్నాడు. ఆ నవ్వులోనే కారు అపార్ట్‌మెంటు కింది పార్కింగులోకి తిరిగింది. పైన సైకిల్ ఉందన్న సంగతి ఇద్దరూ మరిచిపోయారు. దారికి అడ్డంగా పైన ఉండే పసుపూ నలుపూ చారల ఇనప దూలానికి హ్యాండిల్ కొట్టుకుంది.

ఆ మోతకు పైఅంతస్తులో ఎవరో కిటికీ తెరిచారు.

కారు వెనక్కి తీసి, ఇద్దరూ దిగి చూశారు. హ్యాండిల్‌కి చుట్టిన పట్టీ చిరిగింది. సైకిల్ వెనక్కి ఒరిగి ఉంది. ఫోర్కు ఎడమకాలు మీద, పైభాగాన, గోటితో గీకినట్టు సన్నటి గీత. బావ బొటనవేలితో దాన్ని తుడిచాడు. పోలేదు. ఇంకోసారి తుడిచాడు.

“రంగే లేచింది,” అన్నాడు.

“అంత మోత మోగింది కదా బావా.”

“మోగింది దూలం. మీ అక్కతో అనకు. అసలు దీని ధరే ఇంకా చెప్పలేదు నేను.”

బన్ను తలూపాడు. ఆ వారాంతంలోనే చప్పుడు మొదలైంది.

తర్వాత ఒకటి రెండు రోజులు చూసి, బన్ను బతిమాలితే బావ సైకిల్‌ని షాపుకు తీసుకెళ్ళాడు. షాపు నడిపే ఆమెకు నడివయసు ఉంటుంది. పెట్టుకున్న కళ్ళజోడు బావ చేసిందే. ఆమె హ్యాండిల్ విప్పి, బోల్టులన్నీ తుడిచి, గ్రీజు పెట్టి, మళ్ళీ బిగించింది. చప్పుడు పోలేదు. అప్పుడు ఫోర్కు బయటికి తీసి, ఒక నాణెంతో పైనుంచి కిందికి మెల్లగా తట్టుకుంటూ వచ్చింది. గీత దగ్గరికి వచ్చాక అక్కడే రెండు మూడు సార్లు తట్టి, చెవి దగ్గరగా పెట్టింది.

“ఇక్కడ మోత కాస్త మొద్దుబారినట్టు అనిపిస్తోంది సార్. అనిపిస్తోంది, అంతే. ఒట్టేసి చెప్పమంటే చెప్పలేను.”

“అనిపిస్తే ఎలా? ఉందా, లేదా?”

“అదే దీంతో వచ్చిన గొడవ. ఇనుము దెబ్బ తింటే వంగుతుంది. వంకర కంటికి కనిపిస్తుంది, మీరు తిట్టుకుంటూ మారుస్తారు. ఇది పైకి ఏమీ ఎరగనట్టు ఉంటుంది. ఎన్నాళ్ళుంటుందో తెలీదు. పోయే రోజున ఒక్కసారే పోతుంది.”

“విమానాల్లో వాడేది ఇదేనమ్మా.”

“విమానాన్ని ఎవరూ పార్కింగు దూలానికి కొట్టరు సార్.”

బన్నుకు నవ్వొచ్చింది గాని, బావ మొహం చూసి మింగేశాడు.

“ఇంకొకటి అమ్మాలని చూస్తున్నావా?” అన్నాడు బావ.

ఆమె నాణెం బల్ల మీద పెట్టింది. “నా దగ్గర కొనొద్దు. మీ పాత ఇనప ఫోర్కు మీ బావమరిది బండికి ఉందిగా. అది అడిగి పెట్టుకోండి. ఊరికే పెట్టిస్తాను.”

బావ ఫోర్కుని అలాగే మళ్ళీ బిగించమన్నాడు. ఆమె బిగించింది గాని, చక్రం పెట్టి సైకిల్‌ని ఆయన చేతికిచ్చేటప్పుడు మొహంలోకి చూడలేదు.

ఆ వారమంతా బన్నుకు ఎక్కడ చూసినా ఆ చప్పుడే. వ్యాను తలుపు వేస్తే టిక్. రొట్టెల ట్రే జరిపితే టిక్. ఎర్రదీపం దగ్గర ఇంజను ఆపితే, చల్లబడుతున్న ఇనుము టిక్ టిక్. ఒక షాపు ముందు ట్రే చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోతే, షాపతను “ఏమయ్యా, దింపుతావా, నేనొచ్చి దింపుకోవాలా?” అని కసిరాడు. ఆ మధ్యాహ్నం బన్ను వ్యాను పక్కకు ఆపి అక్క ఇంటికి వెళ్ళాడు.

అక్క ఇస్త్రీ చేస్తోంది. బావ చొక్కానే. బన్ను నిలబడే అంతా చెప్పేశాడు. చెప్పొద్దన్న మాటతో సహా. ఆమె ఇస్త్రీపెట్టెని నిలువుగా పెట్టి, తీగ పీకేసింది.

“ఎంతకు కొన్నారో నాకు అక్కర్లేదు. ఎంత గట్టిగా తగిలిందో అది చెప్పు.”

“పైఅంతస్తు వాళ్ళు కిటికీ తెరిచారక్కా.”

సాయంత్రం బావ వచ్చేసరికి అక్క గుమ్మంలోనే ఉంది. చెప్పుల స్టాండు పక్కన గోడకు ఆనించి సైకిల్ ఉంది. బన్ను సోఫా అంచున కూర్చుని ఉన్నాడు. బావకు సంగతి అర్థమైంది.

“నీ కడుపులో ఒక్క మాట ఆగదు కదరా! వ్యానుకు మైకు కట్టి ఊరంతా చెప్పకపోయావా?”

“వాణ్ణి అనకండి. అది మారుస్తారా, లేదా?” అంది అక్క.

“ఎందుకు మార్చాలి? ఎవరికైనా పగులు కనిపించిందా? ఆమెకు అనిపించిందట, వీడికి వినిపించిందట. సరే, నీ దగ్గర ఎక్స్‌రే మిషను ఉందిగా. పెట్టి తీయి. అందులో పగులు కనిపిస్తే నేనే నా చేత్తో దాన్ని విరిచి చెత్తబుట్టలో పడేస్తాను. సరేనా?”

అక్క సరేనంది. ఆ మాట తన మెడకే చుట్టుకుంటుందని ఆమెకు అప్పుడు తోచలేదు.

మర్నాడు పెద్ద డాక్టరును అడిగి, రోగులు లేని భోజనాల వేళ చూసుకుని, బన్ను చేత ఫోర్కుని విప్పించి తెప్పించింది. బన్ను దాన్ని తువ్వాలులో చుట్టి భుజాన వేసుకుని ఆసుపత్రి నడవాలో వస్తుంటే, బల్ల మీద కూర్చున్న ముసలాయన ఒకాయన “ఎవరి కాలు బాబూ అది?” అని పలకరించాడు. పక్కవాళ్ళు నవ్వారు. బన్ను నడక పెంచాడు.

అక్క దాన్ని బల్ల మీద పడుకోబెట్టి, తలుపు వేసి, అద్దం వెనక్కి వచ్చి బొమ్మ తీసింది. తెర మీద ఫోర్కు ఉందంటే ఉంది, లేదంటే లేదు. కొసల్లో ఉన్న లోహపు ముక్కలు తెల్లగా మెరుస్తున్నాయి. వాటి మధ్య రెండు కాళ్ళూ పలచటి పొగలా ఉన్నాయి. అక్క దాన్ని పక్కకు తిప్పి ఇంకొకటి తీసింది. ఏటవాలుగా పెట్టి ఇంకొకటి. గీత ఉన్న చోటును దగ్గరగా ఇంకొకటి. అన్నిట్లోనూ అదే పొగ.

“ఏమీ లేనట్టేగా అక్కా?” అన్నాడు బన్ను, గుండె తేలికపడి.

అక్క అతన్ని లోపలికి తీసుకెళ్ళి, రోగులు పడుకునే బల్ల మీద అతని అరచెయ్యి పెట్టించింది.

“ఈ పైపలక దేంతో చేస్తారో తెలుసా? దీంతోనే. కార్బన్‌తోనే. మనిషిని తీస్తుంటే ఇది బొమ్మలో అడ్డం రాకూడదు కదా. మా కిరణాలకు కనిపించదు గనకే దీన్ని ఎంచుకున్నారు. ఇప్పుడు ఏమీ లేదని చెప్పడానికి నాకు ఏం కనిపించిందని?”

“మరి బావకేం చెబుతావు?”

“ఇదే చెబుతాను.”

ఇదే చెప్పింది. కాని బావ సగంలోనే అందుకున్నాడు.

“పగులు కనిపించిందా, లేదా? అంతవరకు చెప్పు.”

“కనిపించలేదు. కాని అది...”

“అంతే! ఇంక కాని లేదు, గీని లేదు.”

ఆ బొమ్మను ఫోనులోకి ఎక్కించుకుని జట్టులో అందరికీ చూపించాడు. “మా ఆవిడ స్వయంగా తీసింది. ఆసుపత్రి మిషను మీద,” అని చెప్పుకున్నాడు. వాళ్ళు మెచ్చుకున్నారు. ఆ సంగతి తెలిసి అక్క ఆయనతో వాదించడం మానేసింది. వాదించినన్నాళ్ళూ బన్నుకు ధైర్యంగా ఉండేది. ఆమె మౌనం చూశాక అది కూడా పోయింది.

ఆ తర్వాతి ఆదివారం జట్టు కొండ దారి ఎక్కాలని నిశ్చయించుకుంది. శనివారం అక్క బన్నుకు ఫోను చేసింది.

“నాకు రేపు డ్యూటీ ఉంది. ఆయన ఆగరు. నువ్వు వెనకే ఉండు. ఎక్కితే ఎక్కనీ, దిగేటప్పుడు మాత్రం ఆ బండి మీద దిగనివ్వకు.”

“నేనెలా ఆపనక్కా? నా మాట ఆయన ఎప్పుడు విన్నాడు?”

“ఏం చేస్తావో నాకు తెలీదు. ఆపు.”

పొద్దున్నే బయల్దేరారు. గాలి లేదు. దారి పక్క గడ్డి పరక కూడా కదలడం లేదు. అందుకే కొండ ఎక్కుతున్నంతసేపూ ప్రతి చప్పుడూ విడివిడిగా వినిపించింది. ఇదివరకు బావ లేచి తొక్కితేనే వచ్చేది, ఇప్పుడు కూర్చుని తొక్కుతున్నా వస్తోంది. చివరి మలుపు దగ్గర ఒకసారి టిక్ అనలేదు, కిర్రుమంది. బావ వెనక్కి తిరిగి చూడలేదు. కాని ఆయన మెడ వెనక కండరాలు బిగుసుకోవడం బన్నుకు కనిపించింది.

కొండ మీద చదునుగా ఉన్న చోట అందరూ ఆగి నీళ్ళు తాగారు, ఫొటోలు దిగారు. అవతలివైపు దారి వంకరలు తిరుగుతూ కిందికి దిగుతుంది. ఒకపక్క రాయి, ఒకపక్క లోయ, మధ్యలో మోకాలెత్తు గోడ. ఒక్కొక్కరే హెల్మెట్ సర్దుకుని జారిపోసాగారు. బావ పెడలు మీద కాలు పెట్టేసరికి బన్ను వచ్చి ఆయన హ్యాండిల్ పట్టుకున్నాడు.

“దిగొద్దు బావా. ఏదైనా ఆటో ఆపి దీన్ని ఎక్కిద్దాం.”

“వదులు. అందరూ చూస్తున్నారు.”

“చూడనీ. ఇందాక కిర్రుమంది, నువ్వూ విన్నావు.”

“నీకంత భయమైతే నువ్వు నడిచి రా.”

బన్నుకు ఒళ్ళు మండింది. నోటికొచ్చింది అనేశాడు.

“అయితే నీ బండి నాకివ్వు. నేను దిగుతా దీని మీద. నువ్వు నా బండి మీద రా.”

అన్నాక అతనికి అది మంచి ఉపాయమే అనిపించింది. బావ ఒప్పుకోడు. ‘వద్దులేరా’ అంటాడు. ఆ మాట నోటివెంట రాగానే, ‘నాకు వద్దయింది నీకు ఎలా ముద్దయింది?’ అని నిలదీయొచ్చు. ఆ ప్రశ్నకు బావ దగ్గర జవాబుండదు. బన్ను ఆ ‘వద్దులే’ కోసం ఎదురుచూస్తూ నిలబడ్డాడు.

బావ చూపు ఫోర్కు మీదికి వెళ్ళింది. గీత ఉన్న చోట కాసేపు ఆగింది. అక్కణ్ణించి లోయ వైపు తిరిగింది.

“సరే,” అన్నాడు. “సీటు కాస్త ఎత్తుగా ఉంటుంది, చూసుకో.”

బన్ను తన సైకిల్ బావ చేతికిచ్చాడు. ఇంక వెనక్కి పోవడానికి దారి లేదు. తను కాదంటే బావ దాని మీదే దిగుతాడు. సైకిల్ ఎక్కాడు.

అది బావ ఎప్పుడూ గొప్పగా చెప్పుకునేట్టే హాయిగా జారింది. అంత తేలిక బండి మీద బన్ను ఎప్పుడూ కూర్చోలేదు. ముందు చక్రం మీద బరువు పడకుండా ఒళ్ళంతా వెనక్కి నెట్టి, వెనక బ్రేకు మాత్రమే నొక్కుతూ దిగాడు. మొదటి మలుపు దాటింది. చప్పుడు లేదు. రెండోదీ దాటింది. చప్పుడు లేదు. అన్నాళ్ళూ వెంటాడిన చప్పుడు ఇప్పుడు వినిపించకపోయేసరికి అతనికి ఎక్కువ భయం వేసింది. గాలి హోరులో వినపడటం లేదేమో. లేకపోతే చెప్పాల్సింది చెప్పేసి ఊరుకుందేమో. ఒక మలుపులో ఎదురుగా పాల బండి వచ్చింది. తప్పనిసరై ముందు బ్రేకు కూడా నొక్కాడు. హ్యాండిల్ అరచేతుల్లో పక్కకు మెలి తిరిగినట్టయింది. ఆ మెలి ఒక్క క్షణమే. మళ్ళీ సర్దుకుంది. గోడ అవతల చెట్ల తలలు కనిపించి మాయమయ్యాయి. తన పెళ్ళాం, పిల్ల, అక్క ఎవరూ మనసులోకి రాలేదు. ఆ రెండు నల్లటి కాళ్ళు మాత్రమే వచ్చాయి, పలచటి పొగలా.

కింద దారి చదునయ్యాక ఆగాడు. వేళ్ళు హ్యాండిల్‌ని వదలడానికి కొంత సమయం పట్టింది.

వెనకే బావ వచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

“చూశావా? దింపిందా, లేదా? ఇంకేమంటావు?”

బన్ను సైకిల్ దిగాడు. బావ తన సైకిల్ తను తీసుకున్నాడు. “నడిపించుకుని పోదాం బావా,” అని బన్ను అనేసరికే ఆయన ఎక్కేశాడు. కొంచెం దూరంలో పెట్రోలు బంకు, దాని పక్కన టీ కొట్టు. జట్టంతా అక్కడే ఉంది. బావ మనిషి నడిచినంత నెమ్మదిగా వెళ్తున్నాడు. వాళ్ళను చూసి ఒక చెయ్యి పైకెత్తి, “మా బావమరిదే దింపాడు, అడగండి!” అని అరిచాడు. రోడ్డు దిగి కొట్టు ముందుకి తిరిగే చోట చిన్న సిమెంటు గట్టు ఉంది. వేలెడు ఎత్తు.

ఎండిన కొబ్బరి చిప్ప పగిలినట్టు ఒక్కటే చప్పుడు. చక్రం ఒంటరిగా ముందుకు దొర్లుకుంటూ వెళ్ళి టీ బల్ల కాలికి తగిలి పడింది. బావ మొహం నేలకు కొట్టుకుంది. చెయ్యి కింద పడి నలిగింది.

జట్టువాళ్ళు పరిగెత్తుకొచ్చి ఆయన్ని వెల్లకిలా తిప్పారు. కింది దవడ పక్కకు జరిగిపోయి ఉంది. స్పృహ ఉంది. కళ్ళు తెరిచి బన్నునే చూస్తున్నాడు. బన్ను దగ్గరికి వస్తూ, కాలికి తగిలితే ఫోర్కు ముక్కను చేతిలోకి తీసుకున్నాడు. విరిగిన చోటు చూశాడు. ఒక సగం కొత్తగా నల్లగా మెరుస్తోంది. ఇంకో సగం మట్టీ పొడీ పట్టి బూడిదరంగులో ఉంది. ఆ సగం ఇప్పుడు విరిగింది కాదు. ఎప్పుడో విరిగింది. కొండ దిగుతున్నంతసేపూ తనను మోసింది మిగిలిన సగం మాత్రమే. బన్ను ఆ గట్టు మీదే కూలబడి కక్కుకున్నాడు.

ఆసుపత్రిలో డ్యూటీలో ఉన్నది అక్కే. ఇంకొకరిని పిలుస్తామన్నా ఆమె వినలేదు. భర్త తలను తనే రెండు చేతులతో పట్టి తిప్పి, తనే బొమ్మలు తీసింది. దవడ రెండు చోట్ల విరిగింది. మణికట్టు నుగ్గయింది. వాటిని డాక్టరుకు పంపి, నడవాలోకి వచ్చి బన్ను ఎదురుగా నిలబడింది.

“ఎక్కడ పడ్డారు?”

“టీ కొట్టు దగ్గర. చదును మీదే అక్కా.”

“చదును మీదా? మరి కొండ?”

బన్ను నేల చూశాడు.

“కొండ నేను దిగాను. ఆ బండి మీద.”

అక్క చెయ్యి గోడకు ఆనించుకుంది.

“నేను ఆపమన్నానురా.”

“ఆపాను కదా.”

“ఆయన ఇచ్చారా? అడిగితే ఇచ్చారా?”

“నేనే లాక్కున్నాను,” అన్నాడు బన్ను.

అతనికి అబద్ధం ఆడటం చేతకాదు. ఆమె అతని మొహం చూసింది. లోపల ఎవరో పిల్లాడి చెయ్యి విరిగిందని తీసుకొచ్చారు. వెళ్ళి ఆ పిల్లాణ్ణి బల్ల మీద కూర్చోబెట్టి, “కదలకూడదు నాన్నా, ఒక్క నిమిషం,” అని చెబుతుంటే బయటికి వినిపించింది. గొంతు ఎప్పటిలాగే ఉంది.

బావ దవడకు తీగలు కట్టారు. వారాల తరబడి పాలూ జావా గొట్టంతో తాగాడు. మాట లేదు. కళ్ళజోళ్ళ షాపు మూతపడకుండా బన్ను రోజూ వ్యాను అప్పగించి వచ్చి సాయంత్రాలు తెరిచేవాడు. అద్దాలు అరగదీయడం రాదు గనక తయారైనవి అమ్మేవాడు, తక్కినవి తర్వాత రమ్మనేవాడు. సైకిల్ షాపు ఆమె ఒకరోజు వచ్చి, కళ్ళజోడు తుడిపించుకుని, ఆయన ఎలా ఉన్నాడని అడిగి వెళ్ళింది. అక్క భర్తకు వేళకు మందులు ఇచ్చేది, ఒళ్ళు తుడిచేది, పక్క మార్చేది. కాని ఆయన కళ్ళు తనవైపు తిరిగినప్పుడు ఆమె వేరే పని కల్పించుకుని లేచేది. ఏం తెలుసో, ఎంత తెలుసో ఆయనకు చెప్పలేదు. ఆయనకు అడగడానికి నోరు లేదు.

తీగలు తీసిన రోజు సాయంత్రం బన్ను మెత్తటి రొట్టె పట్టుకుని వచ్చాడు. బావ బల్ల దగ్గర కూర్చున్నాడు. మొహం సన్నబడింది. కుడి మణికట్టు ఇక మునుపటిలా తిరగదని డాక్టర్లు తేల్చేశారు. అద్దం అరగదీసే చెయ్యి అది. అక్క పాలు వేడి చేసి తెచ్చింది.

“ఏం బావా, గొళ్ళెం తీశారట. ఇంక మా చెవులకు విశ్రాంతి లేదన్నమాట,” అన్నాడు బన్ను.

బావ నవ్వలేదు. పెదాలు కూడదీసుకుని, ఒక్కొక్క అక్షరమే పలికాడు.

“మీరు కూర్చోండి.”

బన్ను వెనక్కి తిరిగి గుమ్మం వైపు చూశాడు, ఇంకెవరైనా వచ్చారేమోనని. ఎవరూ లేరు.

“ఎవరిని అంటున్నావు బావా?”

“మిమ్మల్నే.” బావ చూపు బల్ల మీదే ఉంది. “ఆ రోజు కొండ మీద... నేను సరే అన్నాను. తెలియక కాదు. నాకు అనుమానం ఉంది. మీరు అడిగినప్పుడు, వద్దంటే అది పాడైందని ఒప్పుకున్నట్టవుతుందని...”

అంతకుమించి ఆయన వల్ల కాలేదు. అక్క పాలగిన్నె పట్టుకుని నిలబడే ఉంది. ఆమె ఏమైనా అంటుందేమోనని బన్ను ఎదురుచూశాడు. ఆమె గిన్నె బల్ల మీద పెట్టి, చీరకొంగుతో చేతులు తుడుచుకుని, లోపలికి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది.

బన్ను రొట్టె తుంచి పాలలో వేశాడు. నానేదాకా ఆగి, గిన్నె బావ ముందుకు జరిపాడు.

“చల్లారిపోతోంది. తిను.”

బావ ఎడమచేత్తో చెంచా అందుకున్నాడు. నమలడానికి చాలాసేపు పట్టింది. తిన్నంతసేపూ బన్ను పక్కనే కూర్చున్నాడు. ఆ తర్వాత కూడా ఆదివారాలు వస్తూనే ఉన్నాడు, ఊసులు చెబుతూనే ఉన్నాడు. బావ అన్నీ విని, మర్యాదగా తలూపి, వెళ్ళేటప్పుడు గుమ్మందాకా వచ్చి సాగనంపేవాడు. బన్నును మాత్రం మళ్ళీ ఎన్నడూ ఒరేయ్ అనలేదు.